బాస్కెట్‌బాల్‌లో రింగ్‌కు వీపు పెట్టి ఆడే పివోట్ నాలుగో నంబరుకు మారాలంటే?

ఐదో నంబరు | మంగళవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. నేను గుంటూరు జిల్లాలో ఇంజినీరింగ్ రెండో సంవత్సరం చదువుతున్నాను. ఎత్తు 196 సెంటీమీటర్లు. ఎనిమిదో తరగతిలో మా పీఈటీ సారు మొదటి రోజే నన్ను రింగ్ కింద నిలబెట్టారు. అప్పటి నుంచి పివోట్‌గానే, అంటే రింగ్ కింద ఆడే సెంటర్‌గానే (ఐదో నంబరు), ఆడుతున్నాను. నాకు వచ్చినవి మూడు: వీపుతో ఎదుటివాణ్ని నెట్టి జాగా సంపాదించడం, కుడిచేత్తో తల మీదుగా వేసే హుక్ షాట్, రీబౌండ్ (గురి తప్పిన బంతిని అందుకోవడం).

ఈ ఏడాది మా జట్టులోకి 203 సెంటీమీటర్ల జూనియర్ వచ్చాడు. కోచ్ సారు అతన్ని రింగ్ కింద పెట్టి, నన్ను నాలుగో నంబరుకు, అంటే రింగ్ దగ్గరా బయటా ఆడే పవర్ ఫార్వర్డ్‌కు మారమన్నారు. మూడు వారాలయింది. బయట బంతి చేతికొస్తే ఏం చేయాలో తోచడం లేదు. నిన్న ప్రాక్టీసులో రింగ్‌కు ఎదురుగా ఉండే ఫ్రీ త్రో గీత దగ్గర నాకు పాస్ వచ్చింది. నా ముందు ఎవరూ లేరు. అయినా అలవాటు కొద్దీ వెనక్కి తిరిగి రింగ్‌కు వీపు పెట్టాను. నెట్టడానికి అక్కడ మనిషే లేడు. సారు విజిల్ వేసి ఆట ఆపేశారు. ఆ క్షణం నుంచి మనసు బాగాలేదు.

రెండు నెలల్లో అంతర కళాశాలల పోటీలు. ఇలా స్థానం మారి నిలదొక్కుకున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా? ఎలా మారారు?

---

మెండోటా తీరం | మంగళవారం, రాత్రి 11:05

తమ్ముడూ, నీ పోస్టు చదవగానే నాకు మాడిసన్ గుర్తొచ్చింది. 2012 నుంచి 2014 వరకు విస్కాన్సిన్ యూనివర్సిటీలో ఎంఎస్ చదివాను. అప్పుడు అక్కడ ఫ్రాంక్ కామిన్‌స్కీ అనే ఏడడుగుల కుర్రాడు ఉండేవాడు. నేను వెళ్లిన ఏడాది అతనిది రెండో సంవత్సరం. జారెడ్ బెర్గ్రెన్ అనే సీనియర్ సెంటర్ అలసినప్పుడు మాత్రమే కోర్టులోకి వచ్చేవాడు. మొదటి ఏడాది ఆటకు సగటున 1.8 పాయింట్లు చేశాడు, రెండో ఏడాది 4.2. క్యాంపస్‌లో అతని పేరెత్తేవాళ్లు తక్కువ.

2013 నవంబరు 19న నార్త్ డకోటాతో ఆట. చలికి చెవులు నొప్పి పుడుతుంటే కోల్ సెంటర్ స్టేడియానికి నడిచి వెళ్లాం. ఆ రాత్రి కామిన్‌స్కీ 43 పాయింట్లు చేశాడు. అంతకు ముందు ఆ యూనివర్సిటీ రికార్డు 42. మొత్తం 19 షాట్లలో 16 పడ్డాయి. మూడు పాయింట్ల గీత బయటి నుంచి ఆరు వేస్తే ఆరూ పడ్డాయి. చుట్టూ అందరూ నిలబడి కేకలు వేస్తుంటే నేను మాత్రం అతని కాళ్ల వైపే చూస్తూ ఉండిపోయాను. ఎందుకో చెబుతాను.

బంతి రాకముందే అతని పాదాలు రింగ్ వైపు తిరిగి ఉండేవి, మోకాళ్లు వంగి ఉండేవి. బంతి అందగానే దాన్ని నుదుటి దాకా లేపేవాడు. ఎదురుగా ఉన్న పొడుగాటి సెంటర్ షాట్ వేస్తున్నాడనుకుని ఎగిరేవాడు. కామిన్‌స్కీ మోకాళ్లు మాత్రం వంగినవి వంగినట్టే ఉండేవి. ఆ సెంటర్ గాల్లో ఉండగానే ఇతను అతని పక్క నుంచి ఒక్క డ్రిబుల్‌తో రింగ్ దగ్గరికి చేరేవాడు. పెద్ద వేగం లేదు, పెద్ద ఎగురూ లేదు. ఎదుటి జట్టు సెంటర్‌ను రింగ్ కింద నుంచి బయటికి లాక్కొచ్చి, అతనికి అలవాటు లేని చోట ఆడించాడు, అంతే.

కోచ్ బో రయాన్ పద్ధతి కూడా ఇందుకు తగ్గట్టే ఉండేది. ‘స్వింగ్’ అంటారు దాన్ని. విస్కాన్సిన్-ప్లాట్‌విల్ అనే చిన్న కాలేజీలో దానితోనే నాలుగుసార్లు డివిజన్ 3 (చిన్న కాలేజీల స్థాయి) టైటిల్ గెలిచాడు. ఆ పద్ధతిలో ఐదుగురూ చోట్లు మారుతూ ఉంటారు. బయటి నుంచి బంతి నడిపించే గార్డ్ వచ్చి రింగ్ దగ్గర వీపు పెడతాడు, సెంటర్ బయటికొచ్చి పాస్ ఇస్తాడు. కాబట్టి అక్కడ పొడుగువాడు బయట నిలబడితే ఎవరికీ వింతగా తోచదు.

మూడో ఏడాది సగటు 13.9, నాలుగో ఏడాది 18.8. 2015లో కళాశాలల ఉత్తమ ఆటగాడికిచ్చే నైస్మిత్, వుడెన్ అవార్డులు రెండూ అతనికే వచ్చాయి. నీకు మూడు వారాలే అయింది, తమ్ముడూ. అతను రెండేళ్లు బెంచీ మీద కూర్చున్నాడు.

---

లెక్కల మాస్టారు | బుధవారం, ఉదయం 6:20

మెండోటా తీరం గారు మనసు పెట్టి రాశారు. అయితే ఒక్క విషయంలో నేను ఒప్పుకోలేను. కామిన్‌స్కీ చిన్నప్పుడు గార్డ్‌గా ఆడినవాడు. హైస్కూలులో ఉండగా ఒక్కసారిగా పెరిగాడు. అంటే డ్రిబుల్, పాస్, రింగ్ వైపు చూస్తూ ఆడడం అతని చేతుల్లో ముందే ఉన్నాయి. ఎత్తు తర్వాత వచ్చింది. ఆంథనీ డేవిస్‌దీ అదే కథ. షికాగోలో గార్డ్‌గా ఉన్న పిల్లవాడు సుమారు ఎనిమిది అంగుళాలు పెరిగి కెంటకీ యూనివర్సిటీలో చేరి 2012లో కళాశాలల టైటిల్ గెలిపించాడు. వీళ్లు కొత్త స్థానం నేర్చుకున్నారనడం కంటే పాత ఇంటికి తిరిగొచ్చారనడం సబబు.

మన కుర్రాడు ఎనిమిదో తరగతి నుంచి రింగ్ కిందే ఉన్నాడు. ఇతనికి చూపాల్సిన మనిషి బ్రూక్ లోపెజ్. స్టాన్‌ఫర్డ్‌లో రెండేళ్లు ఆడి, జట్లు కొత్త ఆటగాళ్లను వరుసగా ఎంచుకునే 2008 డ్రాఫ్ట్‌లో పదో ఎంపికగా అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏకు వెళ్లాడు. అచ్చమైన పాతకాలపు సెంటర్. మొదటి ఎనిమిది సీజన్లు మొత్తం కలిపి మూడు పాయింట్ల షాట్లు 31 వేస్తే 3 పడ్డాయి. తొమ్మిదో సీజన్‌లో, అంటే 2016–17లో, 387 వేశాడు, 134 పడ్డాయి. అప్పటికి అతనికి 28 ఏళ్లు. ఆ తర్వాత 2021లో మిల్వాకీ టైటిల్ గెలిచినప్పుడు ఆ జట్టు సెంటర్ అతనే. 28 ఏళ్ల వయసులో లోపెజ్ నేర్చుకున్నది 19 ఏళ్ల వయసులో నువ్వు నేర్చుకోలేవా?

---

హైదరాబాద్ పివోట్ | బుధవారం, ఉదయం 8:02

నేను అందరికీ ఎదురు చెప్పబోతున్నాను, క్షమించండి. పదేళ్లు యూనివర్సిటీ, క్లబ్ ఆటలు ఆడాను. మన స్థాయిలో రింగ్ కింద నిలబడి జాగా పట్టగలిగిన పివోట్ దొరకడమే కష్టం. ఉన్న ఒక్కణ్ని తీసుకెళ్లి బయట నిలబెట్టడమంటే చెరువు పక్కన ఇల్లు కట్టుకుని దాహంతో ఉండడమే. అమెరికాలో ఏడడుగులవాళ్లు ఒక్కో జట్టులో ముగ్గురేసి ఉంటారు, వాళ్లకు ఈ ప్రయోగాలు చెల్లుతాయి. ఆ 203 సెంటీమీటర్ల పిల్లవాడు జూనియర్. అతనికి పొడుగే ఉందో, ఆట కూడా ఉందో ఇంకా తెలియదు. తమ్ముడూ, కోచ్ గారితో మర్యాదగా మాట్లాడు. నీ బలం ఏమిటో చెప్పు. ఉన్న మూడు ఆయుధాలు వదిలేసి చేతకానివి పట్టుకుని పోటీలకు వెళ్లకు.

---

డర్హమ్ పక్షం | బుధవారం, ఉదయం 10:31

హైదరాబాద్ పివోట్ గారూ, మీ బాధ అర్థమైంది. కానీ నేను డ్యూక్ యూనివర్సిటీ అభిమానిని, మా జహ్లిల్ ఓకఫోర్ సంగతి చెప్పకుండా ఉండలేను. 2015 ఏప్రిల్‌లో ఇండియానాపొలిస్‌లో అమెరికా కళాశాలల ఫైనల్. ఒకవైపు కామిన్‌స్కీ, మరోవైపు ఓకఫోర్. వీపు పెట్టి ఆడడంలో ఆ ఏడాది ఓకఫోర్‌ను మించినవాడు లేడని నా గట్టి నమ్మకం. మేము 68–63తో గెలిచాం. కామిన్‌స్కీ 21 పాయింట్లు, 12 రీబౌండ్లు చేసినా సరిపోలేదు. మా గార్డ్ టైయస్ జోన్స్ 23 పాయింట్లు కొట్టాడు.

ఆ జూన్ ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో ఓకఫోర్ మూడో ఎంపిక, కామిన్‌స్కీ తొమ్మిదో ఎంపిక. ఓకఫోర్ మొదటి సీజన్‌లో సగటున 17.5 పాయింట్లు చేశాడు. అయినా 2017 డిసెంబరులో ఫిలడెల్ఫియా అతన్ని బ్రూక్లిన్‌కు ఇచ్చేసింది. పాయింట్లు చేస్తున్నా జట్టుకు అతని చుట్టూ ఆట కట్టడం వీలు కాలేదు. రింగ్ కింద ఒక మనిషి పాతుకుపోతే, దూసుకొచ్చే గార్డ్‌లకు దారి మూసుకుపోతుంది. డిఫెన్స్‌లో అతన్ని బయటికి లాగితే వెనక రింగ్ ఖాళీ. నాకు చాలా ఇష్టమైన ఆటగాడు కాబట్టే చెబుతున్నాను. ఓకఫోర్‌కు చేతగాక కాదు, ఆ చోటే ఇరుకైపోయింది.

---

హైదరాబాద్ పివోట్ | బుధవారం, మధ్యాహ్నం 1:15

ఎన్‌బీఏ వేరు, అంతర కళాశాలల పోటీ వేరు. ఈ మాట మీద నేను నిలబడతాను. కానీ ఓకఫోర్ సంగతి మాత్రం ఆలోచించదగినదే.

---

విశాఖ కోచ్ | బుధవారం, సాయంత్రం 7:48

బాబూ, అందరూ షాట్ గురించి మాట్లాడుతున్నారు. నీ పోస్టులో నన్ను ఆపేసిన వాక్యం వేరు: ‘నెట్టడానికి అక్కడ మనిషే లేడు.’

నేను 180 సెంటీమీటర్ల మనిషిని. మహిళల జట్లలో ఆ ఎత్తంటే పివోటే. పద్నాలుగేళ్ల వయసు నుంచి రింగ్ కింద ఆడి, 23వ ఏట నాలుగో నంబరుకు మారాను. ఇప్పుడు పిల్లలకు నేర్పుతున్నాను. పివోట్‌కు ఎదుటివాళ్ల శరీరమే దిక్సూచి. వీపుకు ఒత్తిడి ఎటు తగులుతుందో దాన్నిబట్టి ఎటు తిరగాలో తెలుస్తుంది. చూడాల్సిన పనే లేదు. బయటికి రాగానే ఆ ఒత్తిడి పోతుంది, చీకట్లో గోడ వదిలేసినట్టు ఉంటుంది. అందుకే నువ్వు వెనక్కి తిరిగి ఆ గోడ కోసం వెతికావు. నేనూ నెలన్నర వెతికాను. ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

నాకు పనికొచ్చినవి చెబుతాను.

ఫ్రీ త్రో గీత చివర సుద్దముక్కతో రెండు పాదాలు గీసుకో, వేళ్లు రింగ్ వైపు ఉండేలా. బంతి గాల్లో ఉండగానే చిన్నగా ఎగిరి, అందుకుంటూ రెండు పాదాలూ ఒకేసారి ఆ గుర్తుల మీద దించు. రెండూ ఒకేసారి దిగితే ఏ కాలునైనా ఇరుసు కాలుగా (కదపకుండా దాని చుట్టూ తిరిగే కాలుగా) వాడుకోవచ్చు. ఒక కాలు ముందు పడితే ఆ కాలే ఇరుసు, నీ దారి సగం మూసుకుపోయినట్టే. రోజూ వంద సార్లు. షాట్ వద్దు, డ్రిబుల్ వద్దు. దిగి, తల ఎత్తి, రింగ్ కింద ఎవరు ఎక్కడున్నారో పైకి చెప్పు. అవును, నోటితో చెప్పాలి. ‘ఎడమ మూల ఖాళీ’, ‘జూనియర్ ముందున్నాడు’ అని. కంటికి పని అలవాటు కావాలంటే నోరు కలవాలి.

రెండోది డిఫెన్స్. నిజం చెప్పాలంటే స్థానం మారడంలో కష్టమంతా ఇక్కడే ఉంది. పివోట్ డిఫెన్స్‌లో నిటారుగా నిలబడి చేతులెత్తితే చాలు. నాలుగో నంబరు మాత్రం రింగ్ దగ్గర సాయానికి వెళ్లి, బంతి బయటికి పోగానే నాలుగైదు మీటర్లు పరిగెత్తి షాట్ వేసేవాడి ముందు ఆగాలి. ఆగడమే విద్య. మొదటి రెండు అడుగులు పెద్దవి, ఆఖరి మూడు నాలుగు అడుగులు చిన్నచిన్నవి, గచ్చు మీద చెప్పు టపటపలాడినట్టు. నడుము కిందికి, ఒక చెయ్యి పైకి. పెద్ద అడుగుతో వచ్చి ఆగితే మడమ మీద బరువు పడుతుంది, వాడు పక్క నుంచి వెళ్లిపోతాడు. మన కోర్టులు చాలావరకు సిమెంటువి. మోకాళ్లు జాగ్రత్త. రోజుకు ఇరవై చాలు, బూట్లు మంచివి వేసుకో.

మూడోది నీకు ఇప్పటికే వచ్చు, వచ్చని నీకు తెలియదు. పివోట్‌కు బంతి ఎక్కడ, ఎంత ఎత్తులో, ఏ చేతికి కావాలో ఆరేళ్లు పివోట్‌గా ఆడినవాడి కంటే ఎవరికి బాగా తెలుస్తుంది? నీ జూనియర్‌కు ఫ్రీ త్రో గీత దగ్గరి నుంచి ఆ పాస్ ఇవ్వు. మీ గార్డ్‌లు తక్కువ ఎత్తు నుంచి ఇచ్చే పాస్ డిఫెండర్ చేతికి తగులుతుంది. నువ్వు పైనుంచి ఇస్తే తగలదు.

హైదరాబాద్ పివోట్ గారూ, మీరన్న మూడు ఆయుధాలూ ఎక్కడికీ పోవు. ఎదుటి నాలుగో నంబరు పొట్టివాడైన రోజున ఇతను మళ్లీ రింగ్ కిందికి వెళ్లి వీపు పెడతాడు.

---

మెండోటా తీరం | బుధవారం, రాత్రి 10:17

మేడమ్, గోడ వదిలేసినట్టు అన్నారు చూడండి, ఇన్నేళ్లుగా ఆట చూస్తున్న నాకు ఆ సంగతి ఇప్పుడే తెలిసింది.

మాస్టారు చెప్పింది కూడా ఒప్పుకుంటాను, కామిన్‌స్కీకి చిన్నప్పటి గార్డ్ ఆట తోడుంది. కానీ అది ఉంటే చాలదు కదా. అదే మనిషి మొదటి ఏడాది 1.8 దగ్గర ఎందుకు ఆగాడు? కళాశాల స్థాయిలో దెబ్బలు కాచుకునే ఒళ్లు రావాలి, రింగ్ దగ్గర కూడా ఆడగలగాలి. బయట మాత్రమే ఆడితే ఎవరూ భయపడరు. లోపలా బయటా రెండూ ఉన్నాయి కాబట్టే 2014లో అరిజోనా మీద 28 పాయింట్లు, 11 రీబౌండ్లు చేశాడు. ఓవర్‌టైమ్‌లో 64–63తో గెలిచి ఫైనల్ ఫోర్‌కు, అంటే సెమీఫైనల్‌కు వెళ్లాం. వారం తిరిగేసరికి కెంటకీ అతన్ని 8 పాయింట్లకు కట్టేసింది, ఒక్క పాయింటుతో ఓడిపోయాం. 74–73. ఆ రాత్రి మాడిసన్‌లోని స్టేట్ స్ట్రీట్‌లో ఎవరూ మాట్లాడుకోలేదు.

మరుసటి ఏడాది అదే మెట్టు మీద మళ్లీ కెంటకీ. అప్పటికి వాళ్లు 38 ఆటలు ఆడి ఒక్కటీ ఓడలేదు. రింగ్ దగ్గర కార్ల్-ఆంథనీ టౌన్స్, విల్లీ కాలీ-స్టైన్ కాపలా. నేను అప్పటికి ఉద్యోగానికి డాలస్ వచ్చేశాను, గదిలో ఒక్కణ్నే చూశాను. 71–64. కామిన్‌స్కీకి 20 పాయింట్లు, 11 రీబౌండ్లు. ఏడాది పాటు మోసిన బరువు దించుకున్నట్టు ఏడ్చేశాను.

---

ఐదో నంబరు | గురువారం, ఉదయం 6:55

అన్నయ్యా, మాస్టారూ, మేడమ్, అందరికీ ధన్యవాదాలు. మేడమ్ చెప్పిన సుద్ద పాదాలు ఈ ఉదయమే గీశాను. ఒక సందేహం. మా కోర్టులో మూడు పాయింట్ల గీత దగ్గరగా ఉన్నట్టు అనిపిస్తోంది. రింగ్ కింద గడి కూడా దీర్ఘచతురస్రంలా లేదు, కింద వెడల్పు, పైన ఇరుకు. నేను దీని మీద షాట్ నేర్చుకుంటే పోటీల్లో తేడా రాదా?

---

లెక్కల మాస్టారు | గురువారం, ఉదయం 9:10

మంచి ప్రశ్న. అవి పాత గీతలు. అంతర్జాతీయ నిబంధనలు 2010లో మారాయి. మూడు పాయింట్ల గీత 6.25 మీటర్ల నుంచి 6.75 మీటర్లకు జరిగింది. రింగ్ కింది గడి దీర్ఘచతురస్రమైంది, వెడల్పు 4.9 మీటర్లు. టేపు పట్టుకుని రింగ్ నడిమి నుంచి కొలిచి, 6.75 దగ్గర సుద్దతో ఒక వంపు గీసుకో. అర మీటరే కదా అనుకోవద్దు.

కామిన్‌స్కీ ఆఖరి ఏడాది మూడు పాయింట్ల షాట్లలో 41.6 శాతం పడ్డాయి. అప్పటి అమెరికా కళాశాలల గీత సుమారు 6.32 మీటర్ల దగ్గర ఉండేది. వాళ్లు 6.75కు జరిపింది 2019–20లో. ఎన్‌బీఏ గీత 7.24 మీటర్లు, మూలల్లో 6.7. అక్కడికి వెళ్లిన మొదటి ఏడాది అతనికి మూడింట ఒక్క షాట్ పడింది. చేతులు అవే, మనిషి అతనే. దూరంతో పాటు మీదికొచ్చే డిఫెండర్లూ మారారు.

నీకు రెండు నెలలే ఉంది కాబట్టి మూడు పాయింట్ల షాట్ జోలికి ఇప్పుడే పోవద్దని నా సలహా. ఫ్రీ త్రో గీత రెండు చివర్ల నుంచి జంప్ షాట్ చాలు. టిమ్ డంకన్ బతుకంతా దాదాపు ఆ చుట్టుపక్కలే గడిచింది. వేక్ ఫారెస్ట్‌లో నాలుగేళ్లు సెంటర్‌గా ఆడి 1997లో మొదటి ఎంపికగా శాన్ ఆంటోనియోకు వెళ్తే, అక్కడ అప్పటికే డేవిడ్ రాబిన్సన్ సెంటర్. అంటే సరిగ్గా నీ పరిస్థితే, పొడుగాటివాడు ఇంకొకడు ఉన్నాడు. డంకన్ నాలుగో నంబరుకు మారాడు. పక్క నుంచి రింగ్ వెనక బోర్డుకు కొట్టి వేసే షాట్‌ను నమ్ముకున్నాడు. మొదటి ఏడాదే సగటున 21.1 పాయింట్లు, 11.9 రీబౌండ్లు. 1999లో టైటిల్. ఇద్దరు పొడుగువాళ్లు ఒకరి దారికి ఒకరు అడ్డం రాకుండా ఆడారు.

---

హైదరాబాద్ పివోట్ | గురువారం, మధ్యాహ్నం 12:40

డంకన్ పేరు ముందే చెప్పి ఉంటే నేను అంత వాదించేవాణ్ని కాదు, మాస్టారూ. తమ్ముడూ, ఆ బోర్డు షాట్ నేర్చుకో. బోర్డు మీద చతురస్రం గీత ఉంటుంది కదా, దాని పై మూల నీ గురి. నేరుగా ఎదురుగా నిలబడి వేయకు, పక్కకు ఏటవాలుగా నిలబడు. ఇంకొకటి, హుక్ షాట్ సాధన ఒక్క రోజూ ఆపకు. మేడమ్ చెప్పినట్టు పొట్టివాడు తగిలిన రోజున అది కావాలి.

---

ఐదో నంబరు | శనివారం, రాత్రి 9:25

ఇవాళ మా సీనియర్ల మీద ప్రాక్టీస్ ఆట ఆడాం. మొదటి పది నిమిషాలు మళ్లీ అదే తడబాటు. ఒకసారి బయటికి పరిగెత్తి ఆగలేకపోయాను, వాడు నా పక్క నుంచి వెళ్లి లే-అప్ వేశాడు. మేడమ్ చెప్పింది నిజం, ఆఖరి అడుగు పెద్దది వేశాను.

రెండో సగంలో ఫ్రీ త్రో గీత చివర బంతి వచ్చింది. రెండు కాళ్లతో దిగాను. వెనక్కి తిరగలేదు. జూనియర్ తన డిఫెండర్‌ను వీపుతో మూసి ఎడమ చెయ్యి పైకెత్తి ఉంచాడు. నేను ఎన్నో వందల సార్లు అలాగే చెయ్యెత్తి, బంతి రాక దించుకున్నాను. ఆ చేతికే ఇచ్చాను. వాడు తిరిగి వేసేశాడు. వెనక్కి పరిగెడుతూ నా వైపు వేలు చూపించాడు.

షాట్లు మాత్రం ఐదు వేస్తే ఒకటే పడింది. రేపు ఆదివారం కోర్టు ఖాళీగా ఉంటుంది. టేపు, సుద్ద పట్టుకుని ఆరింటికే వెళ్తాను. జూనియర్ కూడా వస్తానన్నాడు.

---

విశాఖ కోచ్ | శనివారం, రాత్రి 9:41

ఏ పక్క నుంచి ఐదు వేశావు? కుడి నుంచా, ఎడమ నుంచా? ఆ పడినది ఎక్కడి నుంచి? అది రాయి, చూసి చెబుతాను.